బకెట్‌లో పది చుక్కలు వేస్తే ఏమవుతుంది? ఇంటి పనులకీ, స్నానానికీ ఎసెన్షియల్ ఆయిల్స్ వాడే పద్ధతి

నేను మొదట కొన్న ఎసెన్షియల్ ఆయిల్ నిమ్మగడ్డి నూనె. ఎవరో చెప్పారని స్నానానికి తోడుకున్న వేడినీళ్ళ బకెట్‌లో పది చుక్కలు వేశాను. నీళ్ళ మీద లేత పసుపు రంగులో గుండ్రటి మచ్చలు తేలాయి. బాత్‌రూమంతా ఘుమఘుమ. రెండో చెంబు భుజం మీద పోసుకునేసరికి అక్కణ్ణుంచి మోచేతి దాకా పచ్చిమిరపకాయ రుద్దినట్టు మంట. నీళ్ళు పోసినకొద్దీ తగ్గలేదు. సబ్బుతో రెండుసార్లు కడిగి, కొబ్బరినూనె రాసుకున్నాక సద్దుమణిగింది. ఎర్రటి చారలు మర్నాటికి కూడా పోలేదు.

నూనె నీళ్ళలో కలవదని తెలియనివాళ్ళెవరు? కానీ సీసా మీద పువ్వు బొమ్మ ఉంటే ఆ సంగతి మర్చిపోతాం. పైన తేలే నూనె చెంబులోకి ముందుగా వస్తుంది, ఏమాత్రం పలచబడకుండానే ఒంటికి అంటుకుంటుంది. ఈ తైలాలతో ఏం తయారుచేసినా రెండే ప్రశ్నలు: దీన్ని దేనిలో కలపాలి, ఎన్ని చుక్కల దగ్గర చెయ్యి ఆపాలి. మిగతాదంతా వంటింటి పనే.

కొనేముందు

ఎసెన్షియల్ ఆయిల్ అంటే ఆకు, వేరు, పువ్వు, తొక్క లాంటివాటి నుంచి ఆవిరి పట్టి తీసిన సుగంధ తైలం. నిమ్మ, నారింజ తొక్కల నూనెను మాత్రం ఎక్కువగా పిండి తీస్తారు. వంట నూనెలా జిడ్డుగా ఉండదు, గాలికి ఎగిరిపోతుంది. దవనం, మరువం, వట్టివేళ్ళు వేసి కాచిన నూనె వేరు. అందులో వాసన పదార్థం చాలా తక్కువ, కాబట్టి దాన్ని తలకి గరిటెడు పట్టించినా ఏమీ కాదు. ఇది అలా కాదు. ఒక కిలో గులాబీ తైలానికి మూడు నాలుగు టన్నుల పూలు కావాలి. అంత చిక్కబరిచిన సరుకు ఇది.

ఈ లెక్క తెలిస్తే మోసం కూడా ఇట్టే దొరుకుతుంది. వంద రూపాయలకు పది మిల్లీలీటర్ల "గులాబీ ఎసెన్షియల్ ఆయిల్" అమ్ముతున్నారంటే అది సెంటు. మల్లెపూలకైతే ఆవిరి పద్ధతే పనికిరాదు, పువ్వు కమిలిపోతుంది. ద్రావకంతో తీసిన అసలు మల్లె సారం చాలా ఖరీదు. చవక సీసాలో ఉన్నది ఫ్రాగ్రెన్స్ ఆయిల్, అంటే కృత్రిమ పరిమళం. సబ్బుకో, కొవ్వొత్తికో అది పనికొస్తుంది, కాదనను. కానీ ఏం కొంటున్నామో తెలిసి కొనాలి.

లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, ఎలా తీశారు, బ్యాచ్ నంబరు, తేదీ ఉన్నాయో లేదో చూడండి. ఇంటికొచ్చాక తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూడండి. జిడ్డు మరక మిగిలితే వంట నూనె ఏదో కలిపారని అనుమానించాలి. వట్టివేరు, చందనం లాంటి చిక్కటి తైలాలకు మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, అవి స్వతహాగానే చాలాసేపు నిలుస్తాయి.

మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేవి మూడు. ఇల్లు తుడవడానికి నిమ్మగడ్డి, ఒంటికి లావెండర్, గులాబీ వాసన కావాలంటే పామరోజా. పామరోజా కూడా గడ్డే, అందులో జెరానియాల్ అనే వాసన పదార్థం ఎక్కువ, అందుకే గులాబీని తలపిస్తుంది. నిమ్మగడ్డి, పామరోజా రెండూ మన దేశంలో పండే పంటలు, లావెండర్ కంటే చవక. ఈ సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ సంస్థ ప్రధాన కార్యాలయం లక్నోలో, ఒక పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉన్నాయి.

సామాను

గోధుమరంగు గాజు సీసాలు, చిన్న డిజిటల్ త్రాసు, స్టీలు గిన్నెలు, స్టీలు చెంచాలు చాలు. వీటిని వంటకి వాడేవాటితో కలపకండి. నారింజ నూనె వాసన పట్టిన చెంచా సాంబారులో ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

థర్మకోల్ కప్పు మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఒకసారి అందులో నారింజ నూనె కొలవబోతే, చూస్తుండగానే కప్పు అడుగు మెత్తబడి, తీగలా సాగి, నూనె మొత్తం గట్టు మీదికి కారింది. నారింజ తొక్క నూనెలో ఉండే లిమొనీన్ పాలీస్టైరీన్‌ని కరిగించేస్తుంది. రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్‌ని కూడా సీసాకి మూతగా బిగించి ఉంచకండి, కొన్నాళ్ళకి రబ్బరు జిగురైపోతుంది.

చుక్కల లెక్క

ఒక మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు. సీసా మూతిని బట్టి, నూనె చిక్కదనాన్ని బట్టి ఇది మారుతుంది. పలచటివైతే 25, 30 దాకా వస్తాయి. మీ సీసా లెక్క తేల్చుకోవాలంటే మెడికల్ షాపులో సూది లేని 2 మిల్లీలీటర్ల సిరంజి కొని, చుక్కలు లెక్కపెడుతూ చిన్న గిన్నెలో వేసి, సిరంజిలోకి లాగితే ఒక మిల్లీలీటరు గీత దాకా రావడానికి ఎన్ని చుక్కలు పట్టాయో చూడండి. ఆ అంకె సీసా మీద రాసుకుంటే సరి.

ఒంటికి రాసి ఉంచుకునే నూనెలో ఒక శాతం చాలు. అంటే 100 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకో నువ్వుల నూనెకో 20 చుక్కలు. ముఖానికైతే అందులో సగం. కడిగేసుకునే సబ్బులో ఒక శాతం, లావెండర్ లాంటి మెత్తటివైతే రెండు శాతం దాకా వెళ్ళొచ్చు. నిమ్మగడ్డి, లవంగ నూనెలు రాసి ఉంచుకునేవాటిలో అర శాతం దాటకూడదు. దాల్చినచెక్క నూనె ఒంటికి వద్దే వద్దు. వాసన చాలలేదనిపించి ఇంకో పది చుక్కలు వేయాలనిపిస్తుంది. అప్పుడు బయట ఐదు నిమిషాలు తిరిగి రండి. కలుపుతున్నంతసేపూ ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది, అంతే.

కొత్తది ఏది చేసినా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు, వీలైతే రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే ఆ తైలం మీకు సరిపడదు.

ఇల్లు తుడిచే ద్రవం

నేను నెల నెలా చేసేది ఇదే. పైనుంచి నీళ్ళు కలపను కాబట్టి త్వరగా పాడవదు.

1. వాసన తక్కువగా ఉన్న గిన్నెలు తోమే లిక్విడ్ 250 మిల్లీలీటర్లు వెడల్పు మూతి సీసాలో పోయండి.
2. అందులో 5 మిల్లీలీటర్ల నిమ్మగడ్డి నూనె వేయండి. గాఢ ద్రవాలతో పని కాబట్టి చేతికి గ్లౌజులు ఉంటే మంచిది.
3. చెంచాతో మెల్లగా ఐదు నిమిషాలు కలపండి. గట్టిగా ఊపితే నురగే మిగులుతుంది.
4. ఒక రాత్రి వదిలేయండి. పొద్దున పైన నూనె పొర కనిపిస్తే ఇంకొంచెం లిక్విడ్ పోసి కలపండి.
5. అర బకెట్ నీళ్ళకు, అంటే సుమారు 5 లీటర్లకు, ఒక పెద్ద చెంచా.

ఆ ఒక్క చెంచాలో ఉన్న నిమ్మగడ్డి ఆరు చుక్కలే. హాలు, రెండు గదులు తుడిస్తే మధ్యాహ్నం దాకా వాసన ఉంటుంది. చెంచా బదులు గ్లాసుడు పోస్తే టైల్స్ మీద జారిపడతారు, పైగా దుమ్ము ఇంకా అంటుకుంటుంది. ఇది మురికి వదిలిస్తుంది, మంచి వాసన ఇస్తుంది. క్రిములన్నీ చస్తాయని నేను చెప్పను. ఇంట్లో వాంతులు, విరేచనాలు ఉన్నప్పుడు షాపు క్రిమిసంహారకమే వాడండి.

లిక్విడ్ బదులు కుంకుడు రసంతోనూ చేయొచ్చు. పది పన్నెండు కాయలు గింజలు తీసి అర లీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టండి. కాయలోని సాపోనిన్లు, అంటే సబ్బులా నురగనిచ్చే పదార్థాలు, నూనెను కొంతవరకు పట్టి ఉంచుతాయి. పది చుక్కలు వేసి బాగా ఊపి ఆ రోజే వాడేయాలి. రెండో రోజుకి పులుస్తుంది. "తైలం వేశాంగా, పాడవదులే" అనుకోకండి. ఇంత తక్కువ మోతాదులో తైలం ప్రిజర్వేటివ్‌లా పనిచేయదు. నీళ్ళున్న ఏ మిశ్రమానికైనా ఇదే వర్తిస్తుంది.

వెనిగర్ గురించి ఒక మాట. కుళాయి మీద తెల్లటి ఉప్పు పొర పోవడానికి సగం నీళ్ళు కలిపిన వెనిగర్ బాగా పనిచేస్తుంది. కానీ మన ఇళ్ళలో నేల చాలాచోట్ల నాపరాయి. తాండూరు రాయి, కడప రాయి, బేతంచెర్ల రాయి అన్నీ సున్నపురాయి జాతే. వాటి మీద, మార్బుల్ మీద వెనిగర్, నిమ్మరసం పడితే మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. ఇక వెనిగర్, వంటసోడా కలిపి బుసబుస పొంగించి "సూపర్ క్లీనర్" అంటారు చూడండి, ఒకదాన్నొకటి చంపుకుని చివరికి దాదాపు ఉప్పునీళ్ళే మిగులుతాయి. విడివిడిగా వాడితేనే రెండూ పనికొస్తాయి.

బ్లీచింగ్‌తో మాత్రం ఆటలొద్దు. బ్లీచింగ్ పౌడరులో వెనిగర్ కానీ, టాయిలెట్ కడిగే యాసిడ్ కానీ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. సుగంధ తైలం వేసినంత మాత్రాన ఆ ప్రమాదం తగ్గదు.

సున్నిపిండిలో తైలం వేయాలా?

నన్నడిగితే అక్కర్లేదు. కచ్చూరాలు, వట్టివేళ్ళు, తుంగముస్తలు, ఎండు గులాబీ రేకులు వేసి మర పట్టించిన సున్నిపిండికి సొంత వాసన ఉంటుంది. దాని మీద లావెండర్ వేయడమంటే ఆవకాయలో వెనిలా వేసినట్టే. మా అత్తయ్య ఒకసారి వాసన చూసి, "ఇదేంటమ్మా, బ్యూటీ పార్లర్ వాసనొస్తోంది" అంది. అప్పట్నుంచి మానేశాను.

ఉత్త పెసరపిండి, శనగపిండి మాత్రమే కలిపి వాడేవాళ్ళకి పామరోజా బాగుంటుంది. 100 గ్రాముల పిండికి పది చుక్కలు. పిండి కుప్ప మీద నేరుగా వేస్తే చుక్క పడ్డచోట ఉండ కడుతుంది, ఆ ఉండే ఒంటి మీద మండుతుంది. ముందు రెండు చెంచాల పిండిలో చుక్కలు వేసి, వేళ్ళతో కాకుండా చెంచా వెనకవైపుతో నలిపి, టీ జల్లెడ పట్టి, అప్పుడు మిగతా పిండిలో కలపండి. రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోండి.

బావంచాలు వేసే ఇళ్ళవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కమిలి నల్ల మచ్చలు రావచ్చు. తొక్కల్ని పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ (నిమ్మజాతి పండు) నూనెలకీ ఇదే గుణం ఉంది. రెండూ ఒకే పిండిలో వేసుకుని మే నెల ఎండలోకి వెళ్ళడం ఎందుకు? తియ్య నారింజ నూనెతో ఈ ఇబ్బంది లేదు.

తలంటు నూనె

గానుగ నువ్వుల నూనె 100 మిల్లీలీటర్లు, లావెండర్ 15 చుక్కలు, వట్టివేరు తైలం 3 చుక్కలు. నూనెను వేడి చేసి అందులో తైలం వేయకండి, ఎగిరిపోతుంది. గోరువెచ్చగా కావాలంటే రాసుకునేముందు గిన్నెను వేడినీళ్ళలో పెట్టండి. అరగంట, గంట ఉంచి కుంకుడుకాయతోనో షాంపూతోనో రుద్దుకోండి. వట్టివేరు తైలం తేనెలా చిక్కగా ఉంటుంది, చలికాలంలో సీసాలోంచి దిగదు. సీసాని గుప్పిట్లో రెండు నిమిషాలు పట్టుకుంటే చాలు.

బకెట్ స్నానానికి సరైన దారి

టబ్బులో ఎప్సమ్ సాల్ట్ పోసి, పైన తైలం చుక్కలు వేయమని చాలామంది రాస్తారు. మనలో టబ్బున్న ఇళ్ళు ఎన్ని? అది అలా ఉంచితే, ఉప్పు కరిగిపోతుంది, నూనె మళ్ళీ పైకే తేలుతుంది. వంటసోడా కూడా అంతే. తైలాన్ని నీళ్ళలో కలపగలిగేది సబ్బు లాంటిదే.

కాబట్టి బకెట్‌ని వదిలేయండి. వాసన లేని బాడీ వాష్ కానీ, పిల్లల షాంపూ కానీ ఒక పెద్ద చెంచా చిన్న గిన్నెలోకి తీసి, మూడు చుక్కల లావెండరో పామరోజానో వేసి కలిపి, ఒంటికి రుద్దుకుని కడిగేయండి. కాళ్ళు నొప్పులని వేడినీళ్ళ తొట్టిలో పెట్టేవాళ్ళు కూడా ఇలా షాంపూలో కలిపే వేయాలి. ఉప్పు వేయాలనుంటే వేసుకోండి, తప్పులేదు, కానీ తైలాన్ని కలిపే పని దానిది కాదు.

సబ్బు: ముందు కరిగించి పోసేది

కాస్టిక్ సోడాతో మొదటి నుంచి సబ్బు చేయడం వేరే విద్య. గ్రాము తేడాలోనే చర్మం కాలుతుంది, మొదటి రోజే అటు వెళ్ళకండి. రెడీమేడ్ సోప్ బేస్ దొరుకుతుంది.

బేస్ అర కిలో తీసుకుని పనీర్ ముక్కల సైజులో కోయండి. వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి అందులో కరిగించండి. నేరుగా మంట మీద పెడితే పొంగి, మాడి, వాసన చెడుతుంది. కరిగాక దించి కొంచెం ఆగండి. గిన్నె అంచున సన్నటి మీగడ కడుతున్నప్పుడు, థర్మామీటరు ఉంటే 55 డిగ్రీల దగ్గర, 5 మిల్లీలీటర్ల తైలం వేసి తిప్పండి. పొగలు కక్కుతుండగా వేస్తే తైలంలో సగం మీ వంటింటికే పోతుంది. అచ్చుల్లో పోసి మూడు నాలుగు గంటలు కదపకండి.

విజయవాడ, విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్ళు అచ్చులోంచి తీసిన వెంటనే సబ్బుని ప్లాస్టిక్ ర్యాపర్‌తో గట్టిగా చుట్టేయండి. బేస్‌లోని గ్లిజరిన్ గాలిలో తేమని లాగి, సబ్బు మీద చెమట బిందువుల్లా పట్టిస్తుంది. పాడైందని పారేసేవాళ్ళున్నారు. తుడిచి వాడుకోవచ్చు.

దోమలకి?

సిట్రొనెల్లా (ఇదీ నిమ్మగడ్డి జాతి గడ్డే), నిమ్మగడ్డి వాసనకి దోమలు కాసేపు దూరంగా ఉంటాయి. ఎగిరిపోయే తైలం కాబట్టి ఆ కాసేపు చాలా చిన్నది. డెంగీ సీజన్‌లో దాన్ని నమ్ముకుని దోమతెర తీసేయకండి. దోమల మెషీన్ ఖాళీ సీసాలో వేపనూనె, కర్పూరం పోసి వెలిగించే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. వేరే ద్రవం కోసం చేసిన కరెంటు వస్తువులో నూనె మండించడం నాకు భయం. నేను చేయను, చేయమని చెప్పను.

ఎవరి దగ్గర వాడకూడదు

రెండేళ్ళలోపు పిల్లల ఒంటికి ఏ తైలమూ వద్దు. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా తైలం పసిపిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద అసలే రాయకూడదు, ఊపిరికి ఇబ్బంది కావచ్చు. జలుబు చేస్తే చటుక్కున రాసేస్తాం కదా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పొరపాటున మింగితే నీలగిరి తైలానికైనా, కర్పూరానికైనా ఫిట్స్ రావచ్చు. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సీసాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మందుల పెట్టెతో పాటు ఈ సీసాలూ పిల్లలకి అందని ఎత్తులోనే ఉండాలి.

గర్భిణులు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి వాడాలి. ఇంట్లో పిల్లి ఉంటే టీ ట్రీ నూనె తేకండి. పిల్లి కాలేయం ఇలాంటి పదార్థాలను సరిగా విరవలేదు. నేల మీద తొక్కి, ఆ పాదం నాకుతుంది.

సీసా దాచుకోవడం

తెరిచిన రోజే టేపు మీద తేదీ రాసి అతికించండి. ఎండ తగలని చోట, మూత గట్టిగా బిగించి పెట్టండి. ఎండాకాలంలో ఫ్రిజ్ తలుపులోని అర నయం, కానీ డబ్బాలో పెట్టాలి, లేకపోతే పెరుగుకి నారింజ వాసన వస్తుంది. గాలి తగిలినకొద్దీ లిమొనీన్, లావెండర్‌లోని లినలూల్ మారిపోతాయి. అలా మారినవే ఎలర్జీ ఎక్కువ తెస్తాయి. అందుకే నారింజ, నిమ్మ నూనెల్ని తెరిచాక ఏడాది దాటితే ఒంటికి వాడను. వట్టివేరు మాత్రం పాతబడినకొద్దీ బాగుంటుంది.

ఏడాది దాటిన నారింజ నూనెని పారేయకండి. కొత్త స్టీలు గిన్నె మీద స్టిక్కరు పీకాక జిగురు మిగులుతుంది కదా, గోటితో గీకినా పోనిది. దూది మీద రెండు చుక్కలు వేసి రెండు నిమిషాలు ఉంచి తుడవండి. తర్వాత సబ్బుతో కడగండి.